మా గైరాను కోసం చెత్త చూడబోయిన ఆరు రోజులు

మా ఊరి నుంచి కాశీకి పోయినవాళ్లున్నారు, తిరుపతికి పోయినవాళ్లున్నారు, దుబాయి పోయి ఎండిపోయి వచ్చినవాళ్లున్నారు. చెత్త చూడటానికి బస్సెక్కినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ డెబ్బై నాలుగేళ్లలో నాకు ఇంత సిగ్గు, ఇంత కోపం ఒక్కసారే తెప్పించిన ప్రయాణం ఇంకోటి లేదు. పోనివాళ్ల కోసం రాస్తున్నాను.

మాది కేతేపల్లి మండలంలో చిన్న ఊరు. ఊరి వెనక గుట్ట, గుట్ట కింద ఊరుమ్మడి మేత బీడు, ఎనిమిదెకరాల గైరాను, దాని కింద కుంట. ఊరి గొర్లు మేసేది అక్కడే, తాగేది అక్కడే. మా నాయినకు గుంటెడు భూమి లేని రోజుల్లో మా ఇంటి రెండు మేకల కడుపు నింపింది ఆ గైరానే. మొన్న ఎండాకాలం పక్క పట్నం చెత్తదిబ్బ నిండిపోయిందన్నారు. కొత్త గొయ్యి తవ్వాలి, దానికి మా గైరాను అనువుగా ఉందని ఎవరో పటం మీద గీత గీశారు. వచ్చే గురువారం గ్రామసభ, ఆ రోజే తీర్మానం అన్నారు.

మా సర్పంచు సుజాత నా మనవరాలి వయసు పిల్ల. "తాతా, వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలె. ఉత్త లొల్లి చేస్తే ఆఫీసరు వింటడా?" అంది.

"గురువారం దాక ఆగు. చూసొచ్చి చెప్త" అన్నాను.

నేను బడి గడప తొక్కలేదు. రైసు మిల్లులో హమాలీగా బస్తాలు మోశాను. కిరాణా పొట్లం విప్పి, కాగితం సాపు చేసి, కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఉప్పు పొట్లంలో సగం వార్త దొరికితే మిగతా సగం కోసం పప్పు పొట్లం వెతికేవాణ్ణి. అందుకే ఎవడో చెప్పిన మాట నాకు ఆనదు, కళ్లతో చూడాలి. శుక్రవారం పొద్దున్నే సంచి సర్దుకుని బయల్దేరాను.

పట్నం దిబ్బ

ఆ పట్నం పేరు రాయను. రాస్తే ఆ ఊరివాళ్లు నా మీద పడతారు. రాయకపోతే ప్రతి ఊరివాళ్లూ తమదే అనుకుంటారు, అదే మంచిది.

దిబ్బ రెండు తాటిచెట్ల ఎత్తుంది. ఒక పక్క పొగ, ఒక పక్క కుక్కలు, పైన గద్దలు. అడుగున నల్లటి నీళ్లు ఊరి కాలవలాగా పక్క చెలకలోకి పారుతున్నాయి. ముక్కుకు తువ్వాల కట్టుకుని నిలబడ్డాను. కొన వంచిన ఇనుప చువ్వతో చెత్త గెలుకుతూ ఒక ఆడమనిషి దిగి వచ్చింది. పేరు ఎల్లమ్మ. అమ్ముడుపోయేవి ఏరుకుని బతుకుతుంది.

"ఏం పోగొట్టుకున్నవ్ పెద్దయ్యా? బంగారమా?"

"ఏం పోలే బిడ్డా. చూద్దామని వచ్చిన."

"గిదేమన్న నాగార్జునసాగరా, చూడనీకి వచ్చుడు?"

మా గైరాను సంగతి చెప్పాక చూపించింది. ముడేసిన కవరు ఒకటి ముందుకు లాగి చువ్వతో చీల్చింది. అన్నం, పప్పుచారు, పిల్లల నోటుబుక్కు, పాల ప్యాకెట్లు, పసిపిల్ల డైపరు, అన్నీ కలిసి ముద్దయి ఉన్నాయి.

"చూడు. ఇంట్ల ఉన్నప్పుడు గీ అన్నం బర్రె తినేదే. గీ కాయితం నేను అమ్ముకునేదే. ఒక్క కవర్ల ఏసి ముడేసిన్రు, రెండూ పాడైనయి. ఇగ రెంటికీ జాగా కావాలె" అంది. చువ్వను దిబ్బ కొన మీదికి ఎత్తి చూపించి, తర్వాత తన మోకాలు దగ్గర పెట్టుకుంది. "ఇండ్లల్లనే ఏరిస్తే గంత గుట్ట గింతయితది. మీ ఊరి జాగా అడిగే పనే ఉండదు."

పెద్ద చదువులు చదివినవాళ్లు ఈ ముక్క ఇంత సూటిగా చెప్పగా నేను వినలేదు. గురువారం చూపిద్దామని ఖాళీ సీసాలో ఆ నల్ల నీళ్లు పట్టి మూత బిగిస్తుంటే వెనక ట్రాక్టరు చప్పుడైంది. తిరిగి చూస్తే ట్రాలీ మీద మా ఊరి పేరు.

డ్రైవరు సైదులు మావాడే. దిగి నోరు తెరిచాడు. "తాతా, నువ్వేంది ఈడ?"

"నువ్వేందిరా ఈడ? మన చెత్త మన షెడ్డుల గదా ఏరాలె!"

తెలియనివాళ్లకు చెప్పాలి. తెలంగాణ వచ్చిన తర్వాత ఊరూరికీ ట్రాక్టరు ఇచ్చారు. తడి చెత్త ఒక పక్క, పొడి చెత్త ఒక పక్క ఏరి, తడిదాన్ని ఎరువు చెయ్యడానికి రేకుల షెడ్డు కట్టారు. ఇంటికి రెండేసి బకెట్లు, ఆకుపచ్చది ఒకటి, నీలంది ఒకటి పంచారు. మా ఇంట్లో ఆకుపచ్చదాంట్లో బర్రె తవుడు ఉంటుంది, నీలందాంట్లో బట్టలు నానబెడతారు. ఊరంతా అంతే.

సైదులు తల గోక్కున్నాడు. "షెడ్డుల జాగేది తాతా? అండ్ల నీ వరిగడ్డే ఉండె గద. వాన పడ్తే తడుస్తదని నువ్వే నింపితివి. రెండేండ్లాయె. ఇగ నేను యాడ ఏరాలె?"

ఎల్లమ్మ చువ్వ కింద పెట్టి మరీ నవ్వింది. "పెద్దయ్యా, పోగొట్టుకున్నది దొరికినట్టేనా?"

మా ఊరి ట్రాలీ తల పైకెత్తి, ముడేసిన కవర్లను ఆ దిబ్బ మీద గుమ్మరించి పోయింది.

హాలియా

ఆ కోపంతోనే శనివారం హాలియా పోయాను. నాతోపాటు మిల్లులో బస్తాలు మోసిన బషీరు అక్కడ పాత సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. సాగర్ కాలవ కింది ఊరు కదా, కోతలైపోయి రోడ్డు పొడవునా వడ్లు ఎండబోశారు. బస్సు చక్రాలు సగం వడ్ల మీద, సగం రోడ్డు మీద. బస్సు దిగి చాయ్ అడిగితే హోటలువాడు పది రూపాయలు తీసుకుని కాగితం గ్లాసులో పోసిచ్చాడు. మా రోజుల్లో గాజు గ్లాసు కడిగి ఇచ్చేవాళ్లు. గ్లాసు చేతిలో పట్టుకుని, ఎక్కడ పడెయ్యాలో తెలియక బషీరు దుకాణం దాకా అలాగే మోసుకుపోయాను.

బషీరు మధ్యాహ్నం ఇంటికి తీసుకుపోయి, చింతపండు పులుపు వేసిన పప్పు, అన్నం, ఉల్లిగడ్డ పెట్టించాడు. తిన్న తర్వాత దుకాణంలో రెండు మూటలు నా ముందు పడేశాడు. రెండింట్లోనూ పాల కవర్లే.

"గిది కడిగింది భాయ్, గిది కడగంది. కడిగింది పైసలిచ్చి కొంట. కడగంది ఫుకట్ల ఇచ్చినా వద్దు. పురుగులు పడ్తయ్, ఫ్యాక్టరీవాడు వాపస్ పంపుతడు."

"ఇంతే తేడానా?"

"ఇంతే. చెంబెడు నీళ్లు." లోపల వెండిలా మెరిసే చిప్స్ ప్యాకెట్ ఒకటి ఎత్తి చూపించాడు. "గిది మాత్రం ఎంత కడిగినా కొనేటోడు పుట్టలే."

ఏరి, కడిగి పంపించే ఊరు ఈ జిల్లాల్లో ఒక్కటన్నా ఉందా అని ఎగతాళిగా అడిగాను. బషీరు ఎగతాళిగా తీసుకోలేదు. "ఉంది. కోస్గి అవతల ఒక పల్లె. మా బామ్మర్ది దుకాణం కోస్గిలనే. ఆ ఊరి సామాను ముట్టుకుంటే చెయ్యికి ఏం అంటదు. ఎందుకో నాకూ సమజ్ గాలే. పోయి చూడరాదు?"

ఊళ్లో ఏరమని చెప్పే గోడరాతలు నేనూ చాలా చూశాను. చెయ్యికి అంటని చెత్త మాత్రం వినలేదు. రాత్రికి బషీరు అరుగు మీదే పడుకుని తెల్లారి బయల్దేరాను.

కల్వకుర్తి దాకా ఒక సీసా

ఆదివారం దేవరకొండలో మారి కల్వకుర్తి బస్సెక్కాను. బస్సు నిండా ఆడవాళ్లే. వాళ్లకు టికెట్ లేదు, సీటు ఉంది. నాకు టికెట్ ఉంది, సీటు లేదు. సంచి పైన పెట్టి కడ్డీ పట్టుకుని వేలాడాను. ఎండకు కాలి, ఆ నల్ల నీళ్ల సీసా ఉబ్బి మూత లేచిపోయిందని నాకేం తెలుసు? కింద కూచున్నామె ఒడిలో కొత్త చీర మూట ఉంది. దాని మీద టపటపా పడ్డాయి.

ఆ వాసనకు బస్సంతా లేచి నిలబడింది. కండక్టరమ్మ దూసుకొచ్చింది. "ఏం సీసా తాతా అది? ఏం మందు?"

"మందు గాదమ్మా. చెత్తదిబ్బ కింద కారిన నీళ్లు."

ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత వెనక సీట్లోంచి ఒకామె అంది, "గంగ నీళ్లు మోసుకపోయెటోళ్లను చూసిన గని, గిట్లాటోన్ని చూడలే తల్లీ! నీ ఇంట్లోళ్లు ఎట్లేగుతున్నరో నీతోని!"

కల్వకుర్తి స్టాండులో నన్ను దించేశారు. చీర తడిసినామె కూడా దిగింది. చీర ఒక కొస నా చేతిలో పెట్టి, నల్లా కింద రెండో కొస నాలుగు సార్లు పిండింది. ఎందుకు తెచ్చానో చెప్పాను. గైరాను సంగతి, కుంట సంగతి. కోపం తగ్గాక ఆమె "మన ఇండ్లకెల్లి ఎల్లిన నీళ్లే గద, మన మీదికే వచ్చినయ్" అని చీర ఆరేసుకుంటూ పోయింది. నేను మహబూబ్‌నగర్ దాకా నిలబడే వెళ్లాను. గురువారం చూపిద్దామనుకున్న ఒక్క రుజువూ నల్లా కింద కొట్టుకుపోయింది.

కోస్గి

ఈ పక్క నేలే వేరు. మాకు కాలవలు, వరి, మూడు పూటలా అన్నం. ఇక్కడ వాన పడితే పంట, లేకపోతే వలస. ఎర్ర నేల, కంది కొయ్యలు, జొన్న రొట్టె. కోస్గి అంగట్లో ఒకామె అరచేతుల మధ్య రొట్టె చరుస్తుంటే ఆ చప్పుడుకే ఆకలేసింది. రొట్టె పదిహేను రూపాయలు, దాని మీద పచ్చిమిర్చి తొక్కు ఊరికే. మోదుగాకులో పెట్టిచ్చింది. తిన్న తర్వాత ఆకును పక్కనున్న మేకకు వేసింది. చెత్త అక్కడికక్కడే అయిపోయింది.

బషీరు బామ్మర్ది చెప్పిన పల్లెకు సోమవారం పగటికి చేరాను. మల్లయ్య అనే కురుమ పెద్ద ఇంట్లో దిగాను. నా ఈడువాడే, నూటికి పైగా గొర్లున్నాయి. అతని భార్య బాలమ్మ. వచ్చిన పని చెప్పగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

"మా ఊర్ల చెత్త చూడనీకి వచ్చినవా? ఉంటే గద చూడనీకి" అంది బాలమ్మ. "పొద్దు వాలినంక మంద ఎంబడి పో. నీకే తెలుస్తది."

మంద పెట్టడం మా దిక్కు కూడా ఉండేది, ఇప్పుడు తగ్గింది. ఎండాకాలం చేను ఖాళీగా ఉన్నప్పుడు రాత్రంతా గొర్లను అందులో నిలుపుతారు. గొర్రె పెంట, గొర్రె మూత్రం పడ్డ నేల ఏ యూరియా వేసినా రానంత బలంగా కాస్తుంది. అందుకు రైతు గొర్లకాపరికి గింజలిస్తాడు. వానలు లేని ఊళ్లో మంద దొరికిన రైతే బతికిన రైతు.

సాయంత్రం మల్లయ్య మందను ఒక చేని గట్టు దాకా తోలి ఆపాడు. రైతు ఇంటి పేడా ఊడ్పూ కలిసిన పెంట అప్పటికే కుప్పలు కుప్పలుగా చేలో పోసి ఉంది. మల్లయ్య ఒక్కడే లోపలికి నడిచి కర్రతో కుప్పల్ని ఒక్కొక్కటీ తిరగేశాడు. ఐదో కుప్పలో షాంపూ ప్యాకెట్ల దండ, దాని కింద కవరు. కర్ర కొనకు తగిలించుకుని గట్టు మీదికొచ్చి, నోటితో ఒక శబ్దం చేశాడు. మంద మొత్తం వెనక్కి తిరిగింది.

రైతు పరిగెత్తుకొచ్చాడు. "మామా! ఒక్క కవరే గద మామా!"

"ఒక్కటే. నా గొర్రెకు గూడ ఒక్కటే పొట్ట."

"ఊరంతా చూస్తాంది మామా, నా ఇజ్జత్ పోతది!"

"పోనియ్. పొట్టకోస్తే ఎల్లింది గదే" అన్నాడు మల్లయ్య, నడుస్తూనే.

దారిలో నాకు చెప్పాడు. కొన్నేళ్ల కింద ఒక్క వానాకాలంలో తొమ్మిది జీవాలు కడుపుబ్బి చచ్చాయట. కోసి చూస్తే లోపల గడ్డి లేదు, పిడికిళ్లకొద్దీ కవర్లు. ఆ రోజు కురుమలంతా కూచుని ఒక మాటనుకున్నారు. పెంటలో కవరు కనబడ్డ చేలో మంద దిగదు. ఎవరి చేనైనా సరే. అంతే, ఏ ఆఫీసూ చెప్పలేదు, ఏ గోడ మీదా రాయలేదు. మంద కోసం రైతులు పెంట ఏరడం మొదలుపెట్టారు. పెంట ఏరేవాడు కవరు పారేస్తే ఎక్కడికి పోతుంది? కడిగి సంచిలో వేశారు. సంచి నిండితే అమ్మారు.

మంగళవారం పొద్దున ఆ రైతు చేనుకు పోయి చూశాను. బాసింపట్టు వేసుకుని కుప్పల్ని చేత్తో ఏరుతున్నాడు. మగవాడు! పొద్దెక్కి ఎండ నెత్తిమీదికొచ్చినా లేవలేదు. నేను బాలమ్మను అడిగాను, ఊరంతా ఇంతేనా అని.

"మేం ఊడుస్తం, పోస్తం. ఏరేది మొగోడు. మంద మళ్లితే పొయ్యేది ఆయన ఇజ్జతే గద, నాదెట్లయితది?" అంది.

దేనికీ పనికిరానివి పడేసే గొయ్యి చూపించింది. ఎడ్లబండంత ఉంది. పోయినేడు తవ్వింది, ఇంకా నడుముల్లోతు ఖాళీ. దాంట్లో ఉన్నవి మెరిసే ప్యాకెట్లు, మందుబిళ్లల అట్టలు, డైపర్లు. "గీ డైపర్లను ఏం జెయ్యాల్నో మాకూ తెలుస్తలే అన్నా. మీ దిక్కు తెలిస్తే చెప్పు" అంది. ఆ ఒక్క మాటతో ఆ ఊరి మీద నాకు నమ్మకం కుదిరింది. అన్నీ తెలుసన్నవాళ్లను నేను నమ్మను.

తర్వాత అడిగింది, "మీ పెంటల ఏముంటది మరి?"

మా ఇంటి ముందు పెంటకుప్పే లేదని, తిన్నదీ తాగిందీ ఒకే కవరులో ముడేసి బండికిస్తామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బస్సు వేళయిందన్నాను.

గురువారం

మంగళవారం రాత్రి కోస్గిలో ఆగిపోయి, బుధవారమంతా బస్సుల్లోనే గడిపి రాత్రికి ఇల్లు చేరాను. గురువారం పంచాయతీ ముందు ఊరంతా కూచుంది. పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎదిరించడానికి అలాంటివాళ్లే కష్టం.

నేను లేచి చూసిందంతా చెప్పాను. దిబ్బ, ఎల్లమ్మ చువ్వ, చెంబెడు నీళ్లు, మళ్లిన మంద. గొయ్యి వద్దు, ఇళ్లల్లో ఏరండి చాలు అన్నాను. ఆఫీసరు అంతా విని అన్నాడు, "నిజమే పెద్దాయనా. కానీ మీ ఊరి ట్రాక్టరు రెండేళ్లుగా మా దిబ్బకే వస్తోంది. మీ చెత్త మేం తీసుకోవాలి, మా చెత్త మీరు తీసుకోకూడదు. ఇదేం న్యాయం?"

సైదులు నేల చూపులు చూశాడు. నేను చూడలేదు. "షెడ్డుల గడ్డి నాది. రేపు తీస్త. సోమవారం నుంచి మా బండి రాదు" అన్నాను.

"వస్తే?"

సుజాత నా వైపు చూసింది. ఆఫీసరే అన్నాడు, "నెల రోజులు ఆగుతాం. ఆలోపు ఒక్క ట్రిప్పు వచ్చినా గైరాను తీర్మానం మీద మీరు సంతకం పెట్టాలి. రాసిస్తారా?"

మగవాళ్లంతా రాసిద్దాం రాసిద్దాం అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా ఇంటామె అండాలు లేచింది. పెళ్లయి యాభై ఏళ్లు, సభలో ఆమె గొంతు నేను వినలేదు.

"మాటిచ్చేది మొగోళ్లు, ఏరేది మేమా? పొద్దుగాల నాట్లకు పోవాల్నా, గీ డైపర్లు కడగాల్నా? గా కోస్గి ఊర్ల ఎవరు ఏరుతున్నరో చెప్పలే నువ్వు. చెప్పు."

నిజంగానే చెప్పలేదు. అన్నీ చెప్పి ఆ ఒక్క ముక్క మింగేశాను. యాభై ఏళ్లలో నేను చీపురు ముట్టలేదు. మగవాడు చెత్త బుట్ట పట్టుకుని వాకిట్లో నిలబడితే మా దిక్కు నవ్వుతారు. అది నాకు తెలుసు కాబట్టే మింగాను. ఎవడో పటం మీద గీసిన గీతను తిట్టినంత సులువు కాదు ఇది చెప్పడం.

"మొగోళ్లే" అన్నాను.

ఆడవాళ్లు ఒక్కసారే గొల్లున నవ్వారు. మా ఎదురింటి రాములు "పెద్దయ్యా, గీ ముసలితనంల మమ్ముల ఆడంగోళ్లను జేస్తవా?" అన్నాడు.

"పో మరి" అంది అండాలు రాములుతో. "గైరాన్ల గొయ్యి తవ్విన్నాడు నీ గొర్లను నీ అత్తగారింటికి తోలుకపో."

కార్యదర్శి పెన్ను ఆగిపోయింది. ఎట్లా రాయాలో తెలియలేదట. నేనే తీసుకుని, ఆఫీసరు పెట్టిన షరతు కిందే రాశాను: ప్రతి ఇంటి చెత్త తడిది వేరు, పొడిది వేరు చేసి బండికి అందించే పని ఆ ఇంటి మగవాడిది. కింద మొదటి సంతకం నాది. ఆఫీసరు చదివి, నవ్వాడో లేదో తెలియకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇవాళ్టికి

పంతొమ్మిది రోజులైంది. వరిగడ్డి షెడ్డులోంచి తీసి ఇంటి వెనక వేశాను. మొన్నటి గాలివానకు సగం తడిసింది, బర్రె మూతి తిప్పుకుంటోంది. తవుడు బకెట్ ఖాళీ చేశాం. సైదులు ఇంతవరకు పట్నం పోలేదు. షెడ్డు మూలన డైపర్లు మాత్రం పేరుకుంటున్నాయి. వాటిని ఏం చెయ్యాలో నాకూ తెలియదు, సుజాతకూ తెలియదు. బాలమ్మకు ఉత్తరం రాద్దామంటే ఆమెకూ తెలియదాయె. నాలుగు ఇళ్లవాళ్లు ఇంకా కలిపే ఇస్తున్నారు. బండి వెంట నడిచే యాదమ్మ ఆ బకెట్లు తీసుకోకుండా వాకిట్లోనే పెట్టి పోతోంది. పగలంతా ఈగలు ముసిరితే ఆ నాలుగిళ్లూ మూడయ్యాయి.

ఇంకా పదకొండు రోజులు. నిద్ర సరిగా పట్టడం లేదు. తెల్లారకముందే లేచి బకెట్లు చూసుకుంటున్నాను, టీపొడి ఏ దాంట్లో పడిందో, కోడిగుడ్డు పెంకు ఏ దాంట్లో పడిందో. అండాలు మంచం మీద నుంచే "ఏరినవ్ తియ్, ఇగ పండుకో" అంటుంది. పడుకోలేను.

ఇందాకే బండి వచ్చింది. యాదమ్మ నా పచ్చ బకెట్లో చెయ్యి పెట్టి తిప్పింది, గుమ్మరించుకుంది. ఎదురింటి వాకిట్లో బకెట్ ఉంది, మనిషి లేడు. బండి ముందుకు కదలబోతోంది. నేను వాకిలి గల్మ దాటి రోడ్డు మీదికొచ్చి గొంతు చించుకున్నాను.

"ఓ రాములూ! బండి పోతాందిరా, లే!"